సర్పంచమ్మ, ఆమె మొగుడు, ఉప్పునీళ్ళు

ఫిబ్రవరి 24

ఈ డైరీ మనస్విని ఇచ్చింది. మద్దూరులో వాళ్ళ అన్నకు ఎరువుల కంపెనీవాళ్ళు ఇచ్చారట. "నా చెవులు నొస్తున్నయ్. ఇగ దీంట్ల రాస్కో, నన్ను ఇడ్సిపెట్టు" అంది. పెళ్ళాం చెవి ఖాళీ లేకపోతే మొగుడు కాగితానికి చెప్పుకోవాలి కాబోలు.

హైదరాబాద్ డాక్టరు చెప్పింది అవునూ కాదు, కాదూ కాదు. మనస్విని మెడలో, థైరాయిడ్ మీద గడ్డ ఉంది. సూది పెట్టి తీసి చూశారు. మంచిదని చెప్పలేరట, చెడ్డదనీ చెప్పలేరట. మూడు నెలలాగి మళ్ళీ సూది పెడతారట. ఇదేం సమాధానం? నా ఫ్లెక్సీ షాపుకు ఎవరైనా వచ్చి తెల్లారితే లీడర్ బర్త్‌డే అంటే, "చెప్పలేం, మూడు నెలలాగి రండి" అనగలనా? చిన్నకోడూరు పిల్లగాళ్ళు షట్టర్ పీకేస్తారు.

తిరిగొచ్చేటప్పుడు సిద్దిపేట దారిలో ములుగు దగ్గర హోటల్లో ఆమె రెండు ప్లేట్ల ఇడ్లీ తింది. కారులో గుర్రుపెట్టి నిద్రపోయింది. నాకు చాయ్ కూడా దిగలేదు. గడ్డ ఎవరికి వచ్చినట్టు?

ఫిబ్రవరి 27

షాపులో మనసు నిలవలేదు. దండ వేసిన ముసలాయన ఫొటో కింద "జన్మదిన శుభాకాంక్షలు" అని టైపు చేశాను. ప్రింటుకు పోయే ముందు మిషన్ నడిపే అంజన్న చూశాడు కాబట్టి సరిపోయింది. "సేట్, మీరు జర ఇంటికి పోన్రి" అన్నాడు.

ఇంటికొచ్చి హాల్లో కూర్చుంటే ఎదురుగా అక్వేరియం. కరోనా రోజుల్లో పిచ్చి పట్టి పెట్టుకున్నాను. మామూలు చేపల తొట్టి కాదు, సముద్రపుది. సిద్దిపేటలో సముద్రం! ఆర్వో నీళ్ళలో సముద్రపు ఉప్పు కలపాలి, లోపల ప్రాణమున్న పగడాలు పెంచాలి. వాటి మధ్య తిరగడానికి నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న జంట చేపలు తెచ్చాను. ఆ జాతిలో ఆడది పెద్దది, పెత్తనం దానిదే. మగది చిన్నది, దాని వెనకే తిరుగుతుంది. మనస్విని పెద్దదానికి సర్పంచమ్మ అని పేరు పెట్టింది. చిన్నది సర్పంచమ్మ మొగుడు. "మన దిక్కు సర్పంచమ్మ సంతకం పెడ్తది, మొగుడు పెత్తనం చేస్తడు. గీడ ఉల్టా" అని పడీపడీ నవ్వేది.

తర్వాత ఎలక్షన్లు వచ్చాయి, షాపు పెరిగింది, అక్వేరియం నా కంటికి ఆనడం మానేసింది. ఇప్పుడు గాజు నిండా నాచు. పగడాలు పోయాయి. ఆ ఇద్దరు మాత్రం ఉన్నారు, మనస్విని రోజూ మేత వేస్తుంది కాబట్టి.

ఎవరికైనా ఇచ్చేద్దామా అన్నాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి మీద పడింది.

"గది తియ్యకు బిడ్డా. షాపుల మంటలు లేసిన నాడు మనోళ్ళెవ్వలికీ చిటికెనేలు కాలలే. గా రోజే తొట్టిలున్న పసుపు చేప సచ్చిపాయె. ఇంటి మీదికొచ్చింది గది మీదేసుకున్నది. యాదికి లేదా?"

యాదికి ఉంది. ఇలాంటి మాటలకు నేను నవ్వుతాను. ఆ రోజు ఆ పసుపు చేపను పూలకుండీలో పూడ్చి దండం పెట్టుకున్న సంగతి మాత్రం అమ్మకు తెలియదు.

మార్చి 2

ఆదివారం. తొట్టి పని పట్టాను. రాళ్ళన్నీ బయటికి తీసి బ్రష్షు పెట్టి తోమాను. ఇసుక కడిగాను. నీళ్ళు దాదాపు అన్నీ మార్చాను. పొద్దు కుంకేసరికి గాజు అద్దంలా ఉంది. రెండేళ్ళ మురికి ఒక్క రోజులో వదిలింది. అనుకుంటే ఏ పనైనా ఇంతే.

మార్చి 4

తొట్టి అడుగున మిగిలిన నత్తలు చచ్చాయి. నీళ్ళు గంజిలా తెల్లబడ్డాయి. సర్పంచమ్మ మూలకు నక్కింది, మొగుడు దాని కింద దూరాడు.

"అర్జెంట్ ఆర్డర్ అనుకున్నవా?" అంది మనస్విని.

హైదరాబాదులో నాకు ఉప్పూ సామానూ అమ్మే జోయల్‌కు ఫోన్ చేశాను. నీళ్ళు తేరుకునే మందు సీసా ఏదైనా పంపమన్నాను. "అన్నా, నాకు అమ్ముకుంటే లాభమే. కానీ నీకు మందు కాదు గావాల్సింది. వారానికి ఒక్క బకీటు నీళ్ళు మార్చు. మిగతా టైముల చేతులు జేబుల పెట్టుకో" అన్నాడు. ఇది నాకు తెలియనిది కాదు. మొదట్లో అలాగే చేసేవాణ్ణి. రాళ్ళకు పట్టి ఉండే కంటికి కనపడని సూక్ష్మజీవులే నీళ్ళను శుభ్రం చేస్తాయి, వాటిని తోమి పారేయకూడదు. తెలిసి కూడా ఎందుకు తోమాను?

మార్చి 9

ఈ రోజు ఫోన్లో థైరాయిడ్ గురించి చూడలేదు. భోజనం తర్వాత ఒక్కసారే.

మార్చి 16

ఇంకో ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. మనస్వినికి చెప్పలేదు. బయల్దేరే ముందు చెబుదాం అనుకున్నాను. వాళ్ళు కన్ఫర్మ్ చేయడానికి ఆమె నంబరుకే ఫోన్ చేశారు. మరి నంబరు నేనిచ్చిందే కదా.

"మెడ నాది" అంది.

"నీ మంచికే గదనే."

"మెడ నాది. డాక్టరు మూడు నెలలన్నడు. నాకు నమ్మకమున్నది. నీకు లేదు. నీకు లేనిదానికి నన్ను సూదులతోటి పొడిపిస్తవా?"

ఆమె స్కూల్లో ఏడో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంది. నాతో మాట్లాడినా అట్లాగే ఉంటుంది, ఒక్క స్టెప్పు కూడా వదలనివ్వదు. అపాయింట్‌మెంట్ రద్దు చేశాను. కోపం తగ్గక షాపుకు పోయి అంజన్న మీద అరిచాను. ఆయన ఇంటికి పొమ్మన్నాడు మళ్ళీ.

మార్చి 30

ఉగాది. పచ్చడి తిని బకెట్లో ఉప్పు కలిపాను. వెంటనే పోయకూడదు, ఉప్పు పూర్తిగా కరిగి నీళ్ళు తేటపడాలి. ఊరికే కూర్చుని తొట్టిలోకి చూశాను. చాలా రోజులైంది అట్లా చూసి.

నేను తోమిన రాయి పగుల్లోంచి సన్నటి విసనకర్ర లాంటిది బయటికొచ్చి గాలి తగిలినట్టు ఊగుతోంది. ఒక జాతి పురుగు అది. నేను తేలేదు, కొనలేదు, రాళ్ళతో ఎప్పుడో వచ్చి ఉంటుంది. రెండేళ్ళ నాచునూ, నా బ్రష్షునూ తట్టుకుని బతికింది. నీడ పడగానే చటుక్కున లోపలికి పోయింది. మళ్ళీ వస్తుందేమోనని చూశాను. వచ్చింది. చిన్నపిల్లాడిలా మనస్విని మనస్విని అని అరిచాను. చేతికి పిండితో వచ్చి చూసింది. ఇద్దరం చూస్తుంటే బూరెలు మాడాయి, అమ్మ తిట్టింది. చాలా సంతోషంగా అనిపించింది. పండగపూట అబద్ధం ఎందుకు రాయాలి.

ఏప్రిల్ 8

ఇంకొకటి. రాయి వెనక చచ్చిందనుకున్న పగడపు మొద్దు. పూర్వం దానికి చిన్న చిన్న సుత్తుల్లాంటి తలలుండేవి. మొద్దు అంచున ఆకుపచ్చగా గోరంత కండ కనిపించింది. వెలుతురు చాలదేమోనని ముందుకు జరిపాను. సాయంత్రం మోటారు తిప్పే నీళ్ళ ప్రవాహం ఎక్కువైందేమోనని పక్కకు జరిపాను.

ఏప్రిల్ 10

ముడుచుకుంది. మళ్ళీ జరిపాను.

ఏప్రిల్ 11

అద్దం ముందు మనస్విని మంగళసూత్రం సర్దుకుంటుంటే గడ్డ పెరిగిందేమోనని వేలితో తాకి చూశాను. చెయ్యి తీసి పారేసింది.

"రోజుకు ఎన్నిసార్లు చూస్తవయ్యా? అన్నం తినేటప్పుడు చూస్తవ్, పండుకుంటే చూస్తవ్. నా మొకం దిక్కు చూసి ఎన్ని రోజులాయె నీకు తెల్సా?"

"చూస్తనే ఉన్న గద."

"మెడ చూస్తున్నవ్" అని స్కూలుకు పోయింది.

పగడాన్ని ఇంకెవరైనా ముట్టుకుంటే బాగుండదని తొట్టి మీద కాగితం అంటించాను, "ముట్టరాదు" అని. ఇంట్లో దాన్ని ముట్టేవాణ్ణి నేనొక్కణ్ణే.

ఏప్రిల్ 23

పగడం తెరుచుకుంది.

మే 4

ఎండలు. తొట్టి మీద ఫ్యాన్లు పెట్టాను. ఆవిరైన మేరకు మంచినీళ్ళు పోయాలి, ఉప్పు ఆవిరి కాదు కాబట్టి. అమ్మకు ఇది ఎంత చెప్పినా ఎక్కదు, "ఉప్పునీళ్ళల్ల మంచినీళ్ళు పోస్తే సప్పగైతది గదరా" అంటుంది.

ఇన్వర్టర్ బ్యాటరీ పోయింది, కొత్తది వేయించాలి. ముందు జాగ్రత్తగా జోయల్ దగ్గర చిన్న గాలి పంపు తెప్పించాను. సెల్లులతో నడుస్తుంది. కరెంటు పోయినప్పుడు వేస్తే నీళ్ళలో బుడగలు వస్తాయి, చేపలకు ఊపిరి అందుతుంది. టీవీ కింది సొరుగులో పెట్టాను.

షాపు నుంచి రాగానే అరగంట తొట్టి ముందు కూర్చోవడం అలవాటైంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంటాను. పగడం ఇప్పుడు రెండు తలలు వేసింది. సర్పంచమ్మ దాన్ని తన ఇల్లు చేసుకోవాలని చూస్తోంది. మొగుడు దూరంగా నిలబడి ఆజ్ఞ కోసం చూస్తాడు. ఈ అరగంటా ఫోన్ మోగినా ఎత్తను. మనస్విని వెనక సోఫాలో పేపర్లు దిద్దుతుంటుంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోం. షాపులో రోజంతా అరిచేవాడికి ఇది మందులా ఉంది.

మళ్ళీ సూది పరీక్ష ఈ నెల 27న.

మే 18

మధ్యాహ్నం గాలిదుమారం. ఊళ్ళో నేను కట్టించిన ఫ్లెక్సీలు సగం చిరిగి వైర్ల మీద పడ్డాయి. కరెంటు పోయింది, స్తంభాలు విరిగాయన్నారు. మనస్విని స్కూలువాళ్ళ మీటింగుకు పోయింది. ఇంట్లో నేనూ అమ్మా.

తొట్టిలో ప్రవాహం ఆగింది. నీళ్ళు వేడెక్కాయి. చేపలు రెండూ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. పంపు కోసం వెతికాను. కనపడలేదు. అన్ని చోట్లా వెతికాను. ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు. చాలాసేపు వెతికాను.

మనస్విని వచ్చాక పంపు దొరికింది. సర్పంచమ్మ బతికింది. చిన్నది పోయింది. ముందునుంచీ అది నీరసంగానే ఉంది.

మే 19

నిన్న రాసింది అబద్ధం. పంపు సొరుగులోనే ఉంది. ఎక్కడుందో ఇదే డైరీలో రాసుకున్నాను. పోయి తీశాను. చేతిలో పట్టుకుని తొట్టి దగ్గరికి వచ్చాను. మీట నొక్కడమే మిగిలింది.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు బిడ్డా. తొమ్మిది దినాలల్ల కోడలు పిల్లకు పరీక్ష. దాని మీదున్నది గివి పట్టుకపోతయేమో. పోతె పోనియ్యి. చేపలు మళ్ళ తెచ్చుకోవచ్చు."

నేను నవ్వలేదు. పంపును మళ్ళీ సొరుగులో పెట్టి, మూసి, కుర్చీలో కూర్చున్నాను. చిన్నది ఇసుక మీద ఒరిగిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. లోపల ఏమనుకున్నానో కూడా రాయాలి. "తీసుకో, తొందరగా తీసుకో" అనుకున్నాను. ఎవరితో అన్నానో తెలియదు.

మనస్విని తడిసి వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా తొట్టిని చూసి, నేరుగా సొరుగు తీసి పంపు వేసింది. ఈ ఇంట్లో దాన్ని వెతకాల్సిన అవసరం ఎవరికీ లేదు.

మే 20

అమ్మే చెప్పేసింది. దాచాల్సిన మాట అని ఆమె అనుకోలేదు, శుభవార్త అనుకుంది. "వాడు పంపు ఏద్దామనే అనుకున్నడు బిడ్డా, నేనే ఒద్దన్న. ఇగ నీకేం కాదు, రంది పెట్టుకోకు" అంది.

మనస్విని చేతిలో పని పక్కన పెట్టింది. నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఇగ రిపోర్టు మంచిగొస్తె నేనేమనుకోవాలె? చేప ప్రాణం తీసుకొని బతికిననా? చెడ్డగొస్తె ఏమంటవ్? పెద్దదాన్ని కూడ పంపిస్తవా?"

"భయమయిందే" అన్నాను. నిజం అదొక్కటే.

"నాకు కాలేదా? ఈ మూడు నెలలు నేను దేంతోటి ఎల్లదీసిననో తెల్సా? నువ్వు చేతులు ఒళ్ళె పెట్టుకొని గాడ కూసుంటవ్ సూడు, గా అర్ధగంటతోటి. గా అర్ధగంట నువ్వు నా మెడ దిక్కు చూడవు. నేను మంచిగున్న మనిషి లెక్క సోఫాల కూసుంట."

ఏడ్చింది. డాక్టరు దగ్గర కూడా ఏడవని మనిషి. నేను దగ్గరికి పోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

మే 22

జోయల్‌కు ఫోన్ చేసి చిన్న మగ చేప ఒకటి కావాలన్నాను. రేపు బస్సులో పంపిస్తానన్నాడు. అదే సైజు, అవే పట్టీలు.

మళ్ళీ ఫోన్ చేసి వద్దన్నాను.

మే 23

మనస్విని మాట్లాడటం లేదు. అంటే, ఉప్పు అందించు, గేటు వెయ్యి అంటుంది. అది మాట్లాడటం కాదు. సర్పంచమ్మ గాజు పొడవునా అటూ ఇటూ ఈదుతోంది. మేత వేస్తే తిని, వెనక్కి తిరిగి చూస్తుంది.

మే 25

షాపు నుంచి వచ్చి కూర్చున్నాను. సోఫా ఖాళీ. పోయి పిలవాలనిపించింది. క్షమించమని అడగాలనీ, ఏదైనా కొనివ్వాలనీ, మద్దూరు నుంచి వాళ్ళ అన్నను పిలిపించాలనీ అనిపించింది. ఏదో ఒకటి చెయ్యందే నా ఒళ్ళు ఆగదు. ఆపి కూర్చున్నాను.

మే 27

సూది పెట్టారు. పోతూ వస్తూ మాట లేదు. ఈసారి ఇడ్లీ ఒక్క ప్లేటే తింది. రెండోది నా ముందుకు జరిపింది. తిన్నాను.

మే 31

రిపోర్టు వచ్చింది. మళ్ళీ అదే మాట, తేల్చి చెప్పలేరట. ఇక ఆగడం మంచిది కాదు, థైరాయిడ్ ఒక పక్క తీసేద్దాం, తీసి పరీక్షకు పంపితేనే పూర్తిగా తెలుస్తుంది అన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ మంచం మీద కూలబడింది. "మరి చేప పాయె గదరా" అంది. మళ్ళీ మళ్ళీ అదే. "పాయె గదరా." నేనూ దారి పొడవునా అదే అనుకుంటూ వచ్చాను. చిన్నది ఊరికే పోయింది. ఎవరి మీదిదీ పట్టుకుపోలేదు. ఊపిరి అందక పోయింది, అంతే.

మనస్విని చీర మార్చుకుని వచ్చి తొట్టి ముందు, నా కుర్చీలో కూర్చుంది. సర్పంచమ్మను చూస్తూ అంది, "ఒక్కతే ఉన్నది పాపం. జతకు ఇంకోటి తేవాలె."

"రేపే జోయల్‌కు..." అని నోటిదాకా వచ్చింది. మింగాను.

"తొందరేం లేదు," అంది. "నేను దవాఖానల నుంచి వచ్చినంక ఇద్దరం పోయి తెచ్చుకుందాం."

జూన్ 10

అమ్మ నిన్నటి నుంచి తొట్టి చుట్టూ తిరుగుతోంది. అడగాలని ఉంది, నామోషీ. చివరికి మనస్వినినే అడిగింది.

"గా బుడగల మిషిని ఎట్లెయ్యాల్నో నాకు జర సూపియ్యి బిడ్డా. మీరు దవాఖానల ఉంటరు. కరెంటు పోతె ఎవలేస్తరు?"

మనస్విని ఆమె వేలు పట్టుకుని మీట మీద పెట్టింది. బుడగలు వచ్చాయి. అమ్మ ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది, మళ్ళీ తనే నొక్కింది. పంపును ఇక సొరుగులో పెట్టవద్దని తొట్టి పక్కన మేకు కొట్టి వేలాడదీశాం. అత్తా కోడలు కలిసి నా మేకు వంకరగా ఉందన్నారు.

జూన్ 17

ఆపరేషన్ థియేటర్ బయట కుర్చీలో రాస్తున్నాను. పొద్దున డ్రైవరు గేటు దగ్గర హారన్ మీద హారన్ కొట్టాడు. మనస్విని సంచి పక్కన పెట్టుకుని తొట్టి ముందు కూర్చుని ఉంది. పగడానికి మూడో తల వస్తోంది. ఆలస్యం అవుతుందని నేను అనలేదు. ఆమె లేచినప్పుడే లేచాను.

లోపలికి పోయేముందు "నా మెడ నువ్వు చూడాలనుకుంటె ఇప్పుడే చూస్కో, రేపటి సంది కుట్లుంటయి" అని నవ్వింది. మొహం చూశాను.

ఎంతసేపు పడుతుందో చెప్పారు. ఆ సేపు ఎప్పుడో దాటింది. కౌంటరు దగ్గరికి పోయి అడిగాను, వచ్చాను. మళ్ళీ పోబోయి కూర్చున్నాను.

అమ్మ ఫోన్. "ఈడ కరెంటు పోయిందిరా. నేనేసిన. బుడగలొస్తున్నయి. పెద్దది పైకొచ్చె, మళ్ళ కిందికి పాయె. మంచిగున్నది. పోనియ్యను, నువ్వు ఫికరు జెయ్యకు." ఫోను మాత్రం పెట్టేయలేదు. కోడలి సంగతి అడగడానికి భయపడుతోందని అర్థమైంది. "ఇంకా బయటికి తేలే అమ్మా" అన్నాను. "తెస్తరు బిడ్డా, కూసో" అంది.

కూర్చున్నాను.

అదే రోజు, వార్డులో

తెచ్చారు. మెడకు కట్టు. ఒక పక్క తీసేశారు, పరీక్షకు పంపారు, రిపోర్టుకు పది రోజులంట. సరే అన్నాను. ఎందుకన్ని రోజులని అడగలేదు. నర్సు నన్ను వింతగా చూసింది, అడగనివాళ్ళు ఉండరేమో.

సాయంత్రం మనస్విని కళ్ళు తెరిచింది. ఏదో అంటోంది, గొంతు బొంగురుపోయి వినపడలేదు. చెవి దగ్గర పెట్టాను.

"గాలి దుమారం లేసిందా? కరెంటు పోయిందా?"

"పోయింది" అన్నాను. "అమ్మ బుడగలేసింది."

నవ్వబోయి, నొప్పికి ఆగి, నా చేతిని వెతుక్కుని పట్టుకుంది. ఇంకో చేత్తో ఇది రాస్తున్నాను, అక్షరాలు సరిగా రావడం లేదు.